పీహెచ్ (దివ్యాంగుల) కోటా: మార్కుల సడలింపు ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది

2024 జూలైలో ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్ నడుస్తుండగా ఆంధ్రప్రదేశ్ విద్యార్థుల విషయంలో ఒక చిక్కు వచ్చిపడింది. జేఈఈలో ర్యాంకు తెచ్చుకుని, సీటు ఖాయమైందనుకున్న కొందరు దివ్యాంగ విద్యార్థులను సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆపేశారు. అడ్డుపడింది వాళ్ల ఇంటర్ మెమో. దివ్యాంగ విద్యార్థులకు ఇంటర్ బోర్డు ఒక భాషా పేపరు నుంచి మినహాయింపు ఇస్తుంది. ఆ పేపరుకు ఎదురుగా మెమోలో మార్కులు ఉండవు, మినహాయింపు అని తెలిపే ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం ఒక్కటే ఉంటుంది. జాతీయ కౌన్సెలింగ్‌లోనేమో ఐదు సబ్జెక్టులు పాసై ఉండాలి. మెమోలో మార్కులున్నవి నాలుగే. విషయం విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ దృష్టికి వెళ్లాక ప్రభుత్వం హడావుడిగా జీవో ఇచ్చి, మినహాయించిన పేపరుకు కనీస పాస్ మార్కులు 35 వేసి కొత్త మెమోలు ఇప్పించింది. అలా 25 మంది సీట్లు నిలబడ్డాయి.

ఇక్కడ ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు. ఇంటర్ బోర్డు మంచి ఉద్దేశంతోనే మినహాయింపు ఇచ్చింది. కౌన్సెలింగ్ వాళ్లు తమ నిబంధనే చూశారు. ఒక మెట్టు మీద ఇచ్చిన సడలింపు పై మెట్టు మీద ఉన్నవాళ్లకు తెలియలేదు, అంతే. ఉన్నత విద్యలో దివ్యాంగులకు ఇచ్చే సడలింపుల కథంతా దాదాపు ఇలాగే ఉంది. విడివిడిగా చూస్తే ప్రతిదీ సబబుగానే కనిపిస్తుంది. ఒకదానికొకటి అతకవు. అతకని ప్రతిచోటా ఒక విద్యార్థి ఆగిపోతాడు.

బయట జరిగే వాదన మాత్రం వేరేగా ఉంటుంది. తక్కువ మార్కులకు సీటివ్వడం న్యాయమా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో ర్యాంకులు వచ్చిన రోజున కార్పొరేట్ కాలేజీ గేటు దగ్గర ‘వాడికేం, పీహెచ్ కోటా ఉందిగా’ అనే మాట ఈజీగా వచ్చేస్తుంది. ఆ మాట అనేవాళ్లలో చాలామందికి ఆ కోటాలో సీటు రావాలంటే ఎన్ని గుమ్మాలు దాటాలో తెలియదు.

1995 నాటి చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని ఉన్నత విద్యలో 5 శాతం చేసింది. వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది. గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు ఇచ్చింది. కోటాకు అర్హత రావాలంటే వైకల్యం 40 శాతం లేదా అంతకు పైన ఉండాలి. ఇవన్నీ చట్టంలో స్పష్టంగానే ఉన్నాయి. అయితే సీట్ల గురించి చెప్పే 32వ సెక్షన్‌లో మార్కుల సడలింపు ప్రస్తావనే లేదు. సీటు పక్కన పెట్టమంది, వయసు సడలించమంది, అక్కడితో ఆగింది.

చిన్నదిగా కనిపించే ఈ ఖాళీతో కోటా మొత్తం కాగితం మీదే మిగిలిపోగలదు. పీహెచ్ కోటా అన్ని వర్గాల్లోనూ అడ్డంగా వెళ్తుంది. అంటే ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ సీట్లలో ఒక్కో వర్గం లోపల కొన్నిటిని దివ్యాంగులకు ఉంచుతారు. అర్హులు దొరక్కపోతే ఆ సీటు అదే వర్గంలోని మామూలు విద్యార్థికి వెళ్తుంది. 60 సీట్ల బ్రాంచిలో 5 శాతమంటే మూడే సీట్లు. అర్హత మార్కు అందరికీ ఒకటే పెడితే ఆ మూడూ ఏటా ‘అర్హులు లేరు’ అనే కారణంతో చేతులు మారిపోతాయి. లెక్కల్లో రిజర్వేషన్ అమలైనట్టే ఉంటుంది, క్లాసులో ఒక్క దివ్యాంగ విద్యార్థీ ఉండడు.

ఈ ఖాళీని పూడ్చింది కోర్టులు. ఢిల్లీలోని ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అర్హత మార్కుల్లో 10 శాతం, దివ్యాంగులకు 5 శాతమే సడలింపు ఇస్తే, ఈ తేడా చెల్లదని 2012లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సామాజిక వెనుకబాటుతో సమానంగానే వైకల్యమూ మనిషిని చదువుకు దూరం చేస్తుందన్నది ఆ తీర్పు సారాంశం. 2020 జూలైలో చండీగఢ్ ఆర్ట్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అక్కడ ప్రవేశ పరీక్షలో మామూలు అభ్యర్థులకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 35 శాతం రావాలి. దివ్యాంగులకూ ఆ 35 శాతమే వర్తిస్తుందని కోర్టు తేల్చింది. పరీక్షే వద్దని మాత్రం అనలేదు. పరీక్ష ఉంటుంది, గీత కొంచెం కిందికి వస్తుంది. సడలింపు అంటే ప్రమాణాలు ఎత్తేయడమే అనుకునేవాళ్లు చదవాల్సిన తీర్పు ఇది.

మన ఈఏపీసెట్ దగ్గరికి వస్తే, ఓసీ, బీసీ అభ్యర్థులు ర్యాంకు పొందాలంటే 25 శాతం, అంటే 160కి 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు నిబంధన లేదు. సుప్రీంకోర్టు చెప్పిన తర్కాన్ని ఇక్కడ పెడితే కావలిలోనో కనిగిరిలోనో ఉన్న ఓసీ, బీసీ దివ్యాంగ విద్యార్థికి కూడా ఆ కనీస మార్కు అడ్డు రాకూడదు. హక్కు ఉందని తెలిసి అడిగేవాళ్లు ఉంటేనే ఇలాంటివి నోటిఫికేషన్లలోకి ఎక్కుతాయి.

ప్రమాణాలు పడిపోతాయన్న భయాన్ని కొట్టిపారేయకూడదు. ముఖ్యంగా వైద్యవిద్యలో అది నిజాయితీగా అడిగే ప్రశ్నే. కాబట్టి అంకెలే చూద్దాం. నీట్‌లో ఓసీ అభ్యర్థి 50వ పర్సెంటైల్ (అంటే పరీక్ష రాసినవాళ్లలో సగం మంది కంటే పైన), ఓసీ దివ్యాంగ అభ్యర్థి 45వ పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలు 40వ పర్సెంటైల్ దాటాలి. 2023లో ఇవి 720 మార్కులకు వరుసగా 137, 121, 107 అయ్యాయి. ఓసీకి, ఓసీ దివ్యాంగుడికి మధ్య తేడా 16 మార్కులు. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు కనుక ఆ తేడా నాలుగు ప్రశ్నలు. ఇంత గొడవా నాలుగు ప్రశ్నల గురించి. అదే 137 మార్కులొచ్చిన అభ్యర్థి లక్షలు కట్టి ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కుంటే ప్రమాణాల ప్రస్తావనే రాదు. 2023 సెప్టెంబరులో పీజీ మెడికల్ సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు. సీట్లు నిండడం కోసం సున్నా దాకా దిగిన గీత, ఒక దివ్యాంగ విద్యార్థి కోసం 5 పర్సెంటైల్ దిగితే మాత్రం ప్రశ్న అవుతుంది. ఈ తేడాకు జవాబు చెప్పాల్సింది ప్రశ్న వేసేవాళ్లే. పైగా ఇదంతా లోపలికి వెళ్లే గుమ్మం దగ్గరి మాట. ఎంబీబీఎస్ పరీక్షల్లో పాస్ మార్కు అందరికీ ఒకటే. చదవకుండా ఎవరూ డాక్టరై బయటికి రారు.

ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు పదో తరగతి జీపీఏ రోజుల్లో 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. పల్లెటూరి సర్కారు బడిలో తెచ్చుకున్న మార్కు, పట్నంలోని కార్పొరేట్ బడిలో వచ్చిన మార్కు ఒకటి కావని రాష్ట్రం ఒప్పుకుంది కాబట్టే ఆ ఏర్పాటు. దర్శి, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి వెళ్లిన ఎందరో పిల్లలకు అది దారి చూపింది. ఏ పరిస్థితుల్లో వచ్చిన మార్కో చూడాలన్న ఆ సూత్రాన్నే దివ్యాంగ విద్యార్థికి వర్తింపజేయమనడం కొత్త కోరిక కాదు.

పరీక్ష హాల్లోకి వెళ్లి చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. చూపు లేని, లేదా చేతితో రాయలేని విద్యార్థికి రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను ఇస్తారు. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కాపీ జరగకూడదన్నది ఉద్దేశం, అది సబబే. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపరు ఊహించండి. అందులో ఇంటిగ్రేషన్ ఉంటుంది. పక్కన కూర్చున్న స్క్రైబ్ ఇంటర్ మొదటి ఏడాది కుర్రాడు. ఆ గుర్తును వాడు పుస్తకంలో ఎప్పుడూ చూడలేదు. ‘అన్నా, పొడుగ్గా ఎస్ లాగా ఉంది, కింద సున్నా, పైన పై (π), తర్వాత ఏదో భిన్నం’ అని చదువుతాడు. భిన్నంలో పైన ఏముంది, కింద ఏముంది, వర్గమూలం గీత ఎక్కడిదాకా ఉంది అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని, మనసులో బొమ్మ కట్టుకుని, లెక్క చేసి, మళ్లీ ఒక్కో మెట్టూ నోటితో చెప్పి రాయించాలి. వాడు ‘ఎక్స్ స్క్వేర్’ను ‘టూ ఎక్స్’ అని రాస్తే అవతలివాళ్లకు కనిపించేది విద్యార్థి తప్పే. దీనికి పరిహారంగా గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు. మూడు గంటల పరీక్షకు ఒక గంట. బొమ్మలు, పటాలు ఉన్న ఫిజిక్స్, బయాలజీ ప్రశ్నల దగ్గర ఆ గంట ఎంతసేపు?

ఇలా వచ్చిన మార్కును పక్కవాడి మార్కుతో ఒకే తక్కెడలో వేసి, తక్కువ వచ్చింది కాబట్టి తెలివి తక్కువ అనడం కొలతలోని తప్పు. సడలింపు ఆ తప్పును కొంతవరకు సరిచేస్తుంది. కొంతవరకే ఎందుకంటే, చూపు లేని పిల్లల్లో చాలామంది అక్కడిదాకా రానే రారు. పదో తరగతి అవ్వగానే ‘లెక్కలు నీకెందుకు, సీఈసీనో హెచ్ఈసీనో తీసుకో’ అని టీచర్లే అంటారు. ప్రేమతోనే అంటారు. ఎంపీసీ పుస్తకాలు బ్రెయిలీలో దొరకడం కష్టం, ల్యాబ్‌లో ఏం చేయించాలో లెక్చరర్‌కు తెలియదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో దివ్యాంగులకు అర్హత మార్కు మామూలు అభ్యర్థులకు ఉన్నదాంట్లో సగమే. అదీ అందనివారికి ఐఐటీల్లోనే ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది, చేరాక ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. అంత పెద్ద తలుపు తెరిచి పెట్టినా, 15 ఏళ్ల వయసులో ఎంపీసీ గ్రూపే తీసుకోనివ్వని పిల్లకు అది ఎందుకూ కొరగాదు.

పదో తరగతిలో కూడా ఇంతే. మామూలు పాస్ మార్కు 35 అయితే చూపు, వినికిడి లోపమున్న పిల్లలకు 20 చాలు. బడి మానేయకుండా కాపాడే మంచి ఏర్పాటు అది. ఆ తర్వాత ఇంజినీరింగ్‌కు వెళ్లాలంటే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం కావాలి. 20తో పాసైన పిల్లను రెండేళ్లలో అక్కడిదాకా తీసుకెళ్లడానికి మధ్యలో ప్రత్యేక కోచింగో, బ్రిడ్జ్ కోర్సో ఉండాలి కదా. ఆ మెట్టు కట్టినవాళ్లు లేరు.

ఇక శాతాల సంగతి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో డాక్టర్లు వేసే అంకె మీద రెండు ఆధారపడి ఉంటాయి: నెల నెలా వచ్చే పింఛను, కాలేజీలో సీటు. 40 వస్తే రెండూ ఉంటాయి, 39 వస్తే రెండూ పోతాయి. 2024 జూలై నుంచి దివ్యాంగ పింఛను రూ.6,000 అయింది. అనర్హులున్నారని 2025లో శాతాలను మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టాక ఈ అంకె మీద ఇళ్లలో టెన్షన్ పెరిగింది. పింఛను కోసం జరిగిన తనిఖీలో అంకె మారితే అది చదువుకునే పిల్లవాడి కౌన్సెలింగ్ ఫైలునూ తాకుతుంది. ఈ రెండిటినీ ఒకే గీతకు కట్టేయడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి.

ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతాలకు ఇందులో ప్రత్యేకమైన బాధ ఒకటుంది. దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ బోరు నీళ్లు మారలేదు. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి కీళ్లు బిగుసుకుపోతాయి, మెడ తిరగదు, కొందరు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగుతాయి. చట్టంలోని 21 రకాల్లో ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. కీళ్లు ఎంత కదులుతున్నాయో కొలిచి కదలిక సంబంధ వైకల్యంగా లెక్క కడతారు. ఆ లెక్కలో 25, 30 శాతం వచ్చి ఆగిపోయేవాళ్లు ఉంటారు. మూడు గంటలు వంగి రాస్తే వేళ్లు, నడుము పట్టేసే విద్యార్థికి 30 శాతమంటే కోటా లేదు.

ఇలాంటి విద్యార్థులకు సంబంధించి చాలామందికి తెలియని ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే ఒక అభ్యర్థి వేసిన యూపీఎస్సీ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్ సౌకర్యానికి 40 శాతం నిబంధన పెట్టకూడదని చెప్పింది. సీట్ల కోటా వేరు, పరీక్ష రాసేందుకు కావాల్సిన సర్దుబాటు వేరు అని విడదీసింది. 2022 ఆగస్టులో కేంద్రం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 40 శాతం లేకపోయినా రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారులు ధ్రువీకరిస్తే స్క్రైబ్, అదనపు సమయం రెండూ అడగొచ్చు. మెట్ట మండలాల్లోని జూనియర్ కాలేజీల్లో ప్రతి ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండాల్సిన కాగితం అది.

వైద్యవిద్యలో శాతం ఇంకో రకంగా తిరగబడింది. కోటా రావాలంటే కనీసం 40 ఉండాలి. కొన్ని వైకల్యాల్లో 40 దాటితే కోర్సుకే పనికిరారని నిబంధన ఉండేది. మాటలో లోపమున్న ఒక విద్యార్థికి 44 శాతం వైకల్యం ఉందని ఎంబీబీఎస్ సీటు నిరాకరిస్తే, అంకెను చూసి అనర్హుడనడం కుదరదు, కోర్సు చదవగలడా లేదా అన్నది వైద్యుల బోర్డు పరీక్షించి కారణాలు రాయాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో కేసులో, రెండు చేతులూ ఏ లోపమూ లేకుండా ఉండాలన్న షరతునే తప్పుపట్టింది. ఇవి గొప్ప తీర్పులు. అయితే నీట్ కోటాకు సదరం సర్టిఫికెట్ చాలదు, కేంద్రం గుర్తించిన కొద్ది ఆసుపత్రుల్లో ఒకదానికి వెళ్లాలి. నెల్లూరు వాళ్లకు దగ్గరగా ఉండేది చెన్నైలోని మద్రాస్ మెడికల్ కాలేజీ. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు రెండూ నడుస్తుండగా, సీతారామపురం నుంచి చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని చెన్నై దాకా తీసుకెళ్లాలి. తోడు వెళ్లే తండ్రికి ఆ రోజు కూలి పోతుంది, బండి ఖర్చు అదనం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనూ మిగతా పిల్లలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్లు చూపిస్తుంటే, పీహెచ్ వంటి ప్రత్యేక కేటగిరీల వాళ్లను విజయవాడ రమ్మంటూ వచ్చారు. కదలడం కష్టమైనవాళ్లనే ఎక్కువ దూరం తిప్పే ఏర్పాటు ఇది.

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో కాలేజీ విద్యార్థులు 4.33 కోట్లు. వారిలో దివ్యాంగులు 90 వేల లోపే, అంటే 0.2 శాతం. 2011 జనాభా లెక్కల్లో దివ్యాంగులు 2.21 శాతం. కోటా 5 శాతం. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, సీట్లు ఎవరో లాగేసుకుంటున్నారన్న మాటకు తావే లేదు. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్‌లో దివ్యాంగులకు 40కి బదులు 35 శాతం చాలు. పీహెచ్‌డీ పూర్తి చేయడానికి రెండేళ్లు అదనంగా ఇస్తారు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనైనా ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలోనైనా ఈ సడలింపులు వాడుకోవాలంటే ముందు డిగ్రీ, పీజీ దాటి వచ్చినవాళ్లు ఉండాలి.

ఢిల్లీలో మారాల్సినవి ఢిల్లీలో మారాలి. జిల్లాలో చేయగలిగినవీ ఉన్నాయి. వెంకటాచలంలో కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇవతల విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇవి కలిసి ఆర్ట్స్, సైన్స్ విద్యార్థులతో స్క్రైబ్‌ల జాబితా తయారు చేసి, గణిత గుర్తులు, పటాలు ఎలా చదివి వినిపించాలో రెండు వారాలు నేర్పితే పరీక్షల ముందు రోజు ఊరంతా తిరిగి పిల్లలను వెతుక్కునే అవస్థ తప్పుతుంది. పీహెచ్ సర్టిఫికెట్ల పరిశీలనకు నెల్లూరు, ఒంగోలు పాలిటెక్నిక్‌లలో ఒక్కో రోజు కేటాయించడం పెద్ద పనేమీ కాదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంటర్ మొదటి ఏడాదిలో ఉంది. సదరం స్లాటు, యూడీఐడీ (దివ్యాంగుల జాతీయ గుర్తింపు) కార్డు, స్క్రైబ్‌కు కావాల్సిన వైద్యుల ధ్రువీకరణ, ఈ మూడూ ప్రవేశ పరీక్షల దరఖాస్తు సమయంలో మొదలుపెడితే అందవు. చేరిన ఏడాదే దసరా సెలవుల్లోపు కాలేజీ తన దివ్యాంగ విద్యార్థుల పేర్లు రాసుకుని, సచివాలయం ద్వారా స్లాట్లు వేయించి, ఏ భాషకు మినహాయింపు తీసుకుంటే మెమోలో ఏం పడుతుందో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి. దీనికి జీవో అక్కర్లేదు. ఒక లెక్చరర్‌కు బాధ్యత అప్పగిస్తే సరిపోతుంది.